వాతాయనము, జీర్ణద్రవ్యము: తెలుఁగు గృహనిర్మాణ చరిత్రమున రెండు విచారములు

ఆంధ్రదేశ చరిత్రమును వ్రాయువారు రాజవంశములను, శాసనములను, దేవాలయములను విచారించినంతగా సామాన్య గృహములను విచారింపలేదు. ఇందులకుఁ గారణము స్పష్టమే. దేవాలయము ఱాతితోఁ గట్టఁబడినది, నిలిచియున్నది, దానిమీఁద శాసనము గలదు. ఇల్లు మట్టితోడను, కఱ్ఱతోడను, పెంకుతోడను గట్టఁబడినది. కొన్ని తరముల కొకసారి విప్పి మరలఁ గట్టఁబడుచు వచ్చినది. దాని గోడలపై శాసనము లేదు. అయినను ఇంటికిని ఒక చరిత్రము గలదు. ఆ చరిత్రము రెండు చోట్లఁ గానవచ్చును: ఒకటి యింటి భాగములకుఁ బెట్టిన పేళ్లయందు, రెండవది యొక యింటి ద్రవ్యము మఱియొక యింటికిఁ బోయిన తీరునందు.

యంత్రముల సాయము లేకయే యింటిని జల్లగా నుంచుటయు, ఒకసారి వాడిన వస్తువును మరల వాడుటయు నేఁటి గృహనిర్మాతలు విశేషముగాఁ జర్చించుచున్న విషయములు. ఇవి క్రొత్త సిద్ధాంతములని కొందఱును, ఇవన్నియు మన గ్రంథములలో నున్నవే యని కొందఱును జెప్పుచున్నారు. ఈ రెండు మాటలును దొందరపడి చెప్పినవే. పూర్వుల కేమి తెలియును, వారు చెప్పినదేమి, చేసినదేమి, అందు నేఁటికిఁ బనికివచ్చునదేమి యని వేఱువేఱుగా వివేచింపవలెను. ఈ వ్యాసమున నేను జేయఁబూనిన పని యిది.

1. చూపు కాని కన్ను

అమరసింహుఁడు పురవర్గమున వాతాయనమును, గవాక్షమును బర్యాయములుగాఁ జెప్పెను. వాతాయనమనఁగా వాతమునకు అయనము, గాలికి మార్గము. ఈ పేరున చూపునకుఁ బ్రసక్తియే లేదు. గవాక్షమన్నచో మాత్రము అక్షిశబ్దము వినఁబడుచున్నది గాన, అది వీథిని జూచుటకైన రంధ్రమేమో యని శంక కలుగును. ఆ శంకకు సమాధానమును బాణినియే యిచ్చియున్నాఁడు. అష్టాధ్యాయియందు 5వ అధ్యాయము, 4వ పాదము, 76వ సూత్రమున, సమాసము చివరనున్న అక్షిశబ్దమునకు చూచుట యను నర్థము లేనప్పుడు అచ్చు అను సమాసాంత ప్రత్యయము విధింపఁబడినది. ఆ ప్రత్యయము వచ్చుటచేతనే అకారాంతమైన గవాక్షశబ్దము సిద్ధించినది. అనఁగా గవాక్షము ఆవుకన్నును బోలినదే కాని, కన్ను చేయు పని దానిది గాదు. గోశబ్దమునకు అవఙాదేశమును జెప్పు సూత్రము వికల్పమునే విధించుచున్నను, గవాక్షమున నది నిత్యమని వ్యాఖ్యాతలు వ్యవస్థచేసిరి. ఇంత శ్రద్ధతో సాధింపఁబడిన పదము మన యింటి గోడలోని చిన్న రంధ్రమునకుఁ బేరైనది.

ఇది శాస్త్రకారుల సూక్ష్మత మాత్రమే కాదనుటకు రాయలసీమ వాడుక సాక్ష్యము. అచ్చటి మిద్దెయిండ్లలోఁ బైకప్పునందు విడిచిన రంధ్రమును గవాచి యందురు. రూపము ఇకారాంతమైనను అర్థము చెడలేదు. పైకప్పులోని రంధ్రమునుండి యెవ్వరును వీథిని జూడరు గదా! దానినుండి వెలుతురు లోనికి దిగును. పొగయు, వేఁడిగాలియుఁ బైకిఁ బోవును. పాణిని సూత్రమునందలి చూపు కాని కన్ను రాయలసీమ మిద్దెమీఁద నిప్పటికినిఁ దెఱచుకొని యున్నది.

కౌటిల్యుని యర్థశాస్త్రము మైసూరునందు 1909లో శ్యామశాస్త్రిగారిచే ముద్రింపఁబడినది. అందు మూఁడవ యధికరణమున గృహవాస్తుకమును గూర్చిన ప్రకరణము గలదు. ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ ఎడము విడుచుట, చూరునీరు పోవు త్రోవ, వెలుతురుకొఱకు గోడ పైభాగమునఁ జిన్న వాతాయనము పెట్టుట, ఈ విషయములు అచ్చట వ్యవహారధర్మములుగాఁ జెప్పఁబడినవి. గాలియు వెలుతురును ఒకరి సుఖమునకు మాత్రమే సంబంధించినవి గావు. పొరుగువాని హక్కునకు సంబంధించినవి యని యా గ్రంథకర్త గ్రహించెను. తన గోడను పొరుగువాని గోడకు ఆనించి కట్టువాఁడు అతని వాతాయనమును మూయుచున్నాఁడు. ఈ వివాదము కౌటిల్యుని నాఁడును గలదు, నేఁడును గలదు.

2. చతుశ్శాలయు, మండువా లోఁగిలియు

వరాహమిహిరుఁడు క్రీ.శ. 6వ శతాబ్దివాఁడు. బృహత్సంహితయందలి వాస్తువిద్యాధ్యాయమున నాతఁడు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అను గృహభేదములను నిరూపించెను. నాలుగు దిక్కుల శాలలు, నడుమ ఆకాశమునకుఁ దెఱచిన యంగణము: ఇది చతుశ్శాల స్వరూపము. అందలి భేదములు ద్వారము ఏ దిక్కున నుండవలెను, అళిందము ఎట్లు తిరుగవలెను అను దానిని బట్టి యేర్పడినవి. అళిందమనఁగా శాలకు వెలుపలి నీడపంచ. కాఁబట్టి గ్రంథకర్త గృహభేదమును గోడల యలంకారమునుబట్టి గాక, నీడ యెచ్చటఁ బడును, తలుపు ఎచ్చటఁ దెఱచుకొనును అను విషయమునుబట్టి నిర్ణయించెనని చెప్పవచ్చును.

తెలుఁగునాట దీనికి మిక్కిలి దగ్గఱగా నున్నది మండువా లోఁగిలి. గోదావరీ కృష్ణా మండలములలో నిట్టి యిండ్లు నేఁటికిని గొన్ని నిలిచియున్నవి. నడుమ చతురస్రముగాఁ బల్లపు నేల. దాని చుట్టును స్తంభములపై నిలిచిన పంచలు. పంచల వెనుక గదులు. నాలుగు వైపుల పెంకుటికప్పును లోపలికి వాలుటచే వాననీరు మండువాలోఁ బడి తూమువెంట వెలుపలికిఁ బోవును. వీథివాకిలియు, మండువాయు, పెరటివాకిలియు సాధారణముగా నొకే వరుసలో నుండును.

ఇది పని చేయు విధము తెలిసికొనఁదగినది. రాత్రివేళ మండువా నేలయుఁ బెంకులును దమ వేఁడిని విశాలమైన యాకాశమునకు విడుచును. చల్లనిగాలి బరువైనది గాన క్రిందికి దిగి మండువాలో నిలిచి, పంచలనుండి గదులలోనికిఁ బాకును. ప్రొద్దెక్కినకొలఁది మండువామీఁదఁ బడిన యెండకు అచ్చటి గాలి తేలికయై పైకిఁ బోవును. ఆ ఖాళీని నింపుటకు వీథియరుగు నీడనుండియు, పెరటి చెట్లనీడనుండియుఁ గ్రొత్తగాలి లోనికి వచ్చును. మట్టిగోడలు దళసరివి యగుటచేఁ బగటి వేఁడి లోపలికి వచ్చుటకుఁ జాల ప్రొద్దు పట్టును. అది లోపలికిఁ జేరుసరికి వెలుపల రాత్రి యగును. కుమ్మరి పెంకులు ఒకదానిపై నొకటి వదులుగాఁ బేర్పఁబడి యుండుటచే నా సందులనుండి వేఁడిగాలి వెడలిపోవును. ఇందు ఏ యొక్క భాగమును దనంతఁ దాను జల్లదనము నీయదు. నేల, గోడ, కప్పు, వాకిలి అన్నియుఁ జేరి యొక వాక్యమువలెఁ బని చేయును. వాక్యమునుండి క్రియను దీసివేసినచోఁ గారకములన్నియు నిలువఁబడి చూచునట్లు, మండువాను మూసినచోఁ దక్కిన భాగములన్నియు నిష్ప్రయోజనములగును.

ఒక మాట మఱవరాదు. మండువా లోఁగిలి భూవసతి గలవారి యిల్లు. ఆ యింటి పొలము దున్నినవాఁడు తాటాకు గుడిసెలో నుండెను. గుడిసెకప్పు చల్లనిదే కాని, వేసవిలో నిప్పురవ్వ పడినచో నూరి సగము తగులఁబడెడిది. పూర్వగృహముల గుణములను జెప్పువారు ఈ భేదమును దాఁచి చెప్పుట చరిత్రధర్మము గాదు. గాలిత్రోవ యెఱిఁగిన సమాజము దానిని అందఱకుఁ బంచలేదు.

3. దేశభేదము

గృహరూపము దేశమునుబట్టి మాఱును. కోస్తాయందు గాలిలో తేమ హెచ్చు. చెమట యారవలెనన్నచో గాలి కదలుచుండవలెను. కావున నచ్చట తెఱపులు పెక్కు, పంచలు పెక్కు. రాయలసీమలో గాలి పొడిది. పగటి వేఁడిగాలిని లోనికి రానిచ్చుటయే దోషము. కావున నచ్చట ఱాతిగోడలు దళసరివి, కిటికీలు చిన్నవి, పైని గవాచి. దూలములపై దంతెలు పఱచి, వానిపై మట్టిని, అన్నిటికిఁ బైన చవుడును బోసి మిద్దెను గట్టుదురు. చవుడు వాననీటికి బిగిసి లోనికిఁ దేమను దిగనీయదు. వానకాలమునకు ముందు మరల నించుక చవుడు చల్లుట గృహస్థుని వార్షికకృత్యము. రాత్రి చల్లనిగాలికై జనులు మిద్దెపైఁ బరుండుదురు. అనఁగా నొకే కప్పు పగలు గొడుగు, రాత్రి మంచము.

ఉత్తరకోస్తాయందు, విశాఖ శ్రీకాకుళ మండలముల సముద్రతీరమునఁ జుట్టిండ్లు గలవు. గుండ్రని మట్టిగోడపై శంఖువువలె తాటాకు కప్పు. చూరు నేలకు మిక్కిలి దగ్గఱగా దిగియుండును. తుఫానుగాలి తట్టుటకు మూల లేదు, ఎగురఁగొట్టుటకుఁ జూరు సందు లేదు. గాలి యింటిని జుట్టి జాఱిపోవును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెనవంటి దానికి ఏ మట్టిగోడయు నిలువదు. ఆ సత్యమును గాదనరాదు. జలప్రళయము వేఱు, గాలివాన వేఱు. గాలివానకుఁ జుట్టిల్లు తగిన సమాధానమని దాని యాకారమే చెప్పుచున్నది.

ఈ మూఁటిని జూచినచో నొక నియమము తేలును. మన పూర్వులు కట్టినది యొక యిల్లు గాదు. ప్రతి సీమకును గాలి వేఱగుటచే నిల్లును వేఱయ్యెను. ఒకే నక్ష కర్నూలునకును, కాకినాడకును బనికివచ్చునను తలంపు వారికి లేదు.

4. నిషేధమును, ఆచారమును

ఇఁక రెండవ విచారము. వాస్తుగ్రంథములలో నొక ప్రసిద్ధమైన నిషేధము గలదు. ఒక కట్టడమునుండి జాఱిన ద్రవ్యమును మఱియొక కట్టడమునఁ గూర్పరాదనియు, కూర్చినచో గుడిలోఁ బూజయు, ఇంటిలోఁ గాపురమును నిలువవనియు దాని తాత్పర్యము. ఈ నిషేధమును జూచి, జీర్ణద్రవ్య వినియోగము మన సంప్రదాయమునకు విరుద్ధమని కొందఱు చెప్పుదురు.

ఇందు రెండు విషయములు విచారింపవలెను. మొదటిది, నిషేధముండుటయే ఆచారమున్నదనుటకు సాక్ష్యము. ఎవ్వరును జేయని పనిని శాస్త్రము నిషేధింపదు. ప్రాప్తి యున్నచోటనే నిషేధము ప్రవర్తించునని మీమాంసకులును, వైయాకరణులును జెప్పుదురు గదా. రెండవది, నిషేధమునకుఁ బ్రయోజనము. పురుగుపట్టిన దూలము, చివికిన వాసము క్రొత్తయింటికిఁ జేటు తెచ్చును. అంతకంటె ముఖ్యముగా, పాతద్రవ్యమునకు వెల యేర్పడినచోఁ బాతకట్టడమును గూల్చుటకు ఆశ పుట్టును. గుడిఱాతికి గిరాకి కలిగిన యూర గుడి నిలువదు. ఈ నిషేధము పాత వస్తువును గాదు, పాత కట్టడమును రక్షింపఁబుట్టినదని నా తలంపు.

అమరావతి చరిత్రము దీనికిఁ దగిన యుదాహరణము. అచ్చటి స్తూపమునకుఁ జెందిన యొక సున్నపుఱాతి పలక నేఁడు లండనునందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. దాని యొకవైపున క్రీస్తునకుఁ బూర్వము 1వ శతాబ్దినాఁటి శిల్పమును, వెనుకవైపున క్రీ.శ. 3వ శతాబ్దినాఁటి శిల్పమును గలవు. పాతపలకను బాఱవేయక త్రిప్పి, వెనుకమొగమున మరలఁ జెక్కిరి. స్తూపము స్తూపముగనే యుండెను. పలక యా స్తూపమునకే పనికివచ్చెను. పాతశిల్పము చెక్కుచెదరక వెనుక దాఁగి యుండెను. ఇది యుత్తమమైన పునర్వినియోగము.

18వ శతాబ్ది చివరి దశాబ్దమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు చింతపల్లినుండి వచ్చి యమరావతీపురమును నిర్మింపించెను. అప్పుడు దీపాలదిన్నె యను పేరఁ గల స్తూపశేషమునుండి ఇటుకలును, ఱాళ్లును గ్రొత్తకట్టడములకుఁ బోయినవి. కొన్ని పలకలు సున్నపుబట్టీలలోఁ గాల్పఁబడినవి. కాలిన్‌ మెకంజీ ఆ కాలముననే యచ్చటికి వచ్చి చూచి, మరల 1816లో వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించి కొన్ని పలకలను జెన్నపట్టణమునకుఁ బంపెను. మిగిలినవి మిగిలినవి, కాలినవి కాలినవి. ఇదియుఁ బునర్వినియోగమే. కాని మొదటిదానిలోఁ బలక తన పనిని నిలుపుకొన్నది. రెండవదానిలో శిల్పము సున్నమైనది. రెండింటిని ఒకే మాటతోఁ బిలుచుట దోషము.

5. స్థానివద్భావము

ఈ భేదమును దెలిసికొనుటకు వ్యాకరణమున నొక మంచి సాధనము గలదు. ఒకదాని స్థానమున మఱియొకటి వచ్చినచో, వచ్చినది ఆదేశము, ముందున్నది స్థాని. ఆదేశము స్థానివలె వ్యవహరించునని పాణిని ప్రథమాధ్యాయమున (1-1-56) జెప్పెను. క్త్వాప్రత్యయమునకు బదులుగా ల్యప్పు వచ్చినను, క్త్వాకుఁ గల కృత్త్వము, అవ్యయత్వము ల్యప్పునకును సంక్రమించును. అయితే యా సూత్రముననే యొక మినహాయింపు గలదు. స్థానియొక్క వర్ణమునే యాశ్రయించిన కార్యము ఆదేశమునకు సంక్రమింపదు. అనఁగా స్థానమునుబట్టి వచ్చిన గుణము వచ్చును. శరీరమునుబట్టి వచ్చిన గుణము రాదు.

గృహనిర్మాణమున నీ రెండు గుణములను వేఱుచేయనందుననే నేఁటి చేటంతయుఁ గలుగుచున్నది. పెంకుటికప్పు స్థానమునఁ గాంక్రీటు పలక వచ్చినది. వానను గాచుట కప్పుస్థానమునకుఁ గల ధర్మము గాన నది పలకకు సంక్రమించినది. సందులనుండి వేఁడిగాలిని విడుచుట పెంకు శరీరమునకుఁ గల ధర్మము. అది పలకకు రాలేదు. పలక పగలంతయు నెండను ద్రాగి, రాత్రి యింటివారు పరుండిన వేళ లోనికి విడుచుచున్నది. చెక్కజాలి స్థానమున నద్దము వచ్చినది. వెలుతురు సంక్రమించినది, గాలి సంక్రమింపలేదు. వాతాయనము చూపుకన్నుగా మాఱినది. పాణిని కాదన్న యర్థమునే మనము గోడలోఁ బెట్టుకొంటిమి.

దీనికి విపర్యయమును గలదు. మండువా లోఁగిలిని విప్పి, అందలి టేకుస్తంభములను, చెక్కడపు ద్వారబంధములను బాతకలప వర్తకులకు విక్రయించుచున్నారు. అవి పూటకూళ్ల భవనములకును, నగరములోని సౌధములకును అలంకారములుగాఁ బోవుచున్నవి. కలప నశింపలేదు, అంతవఱకు మేలే. కాని పంచకు మండువాకు నడుమ నిలిచినప్పుడు స్తంభమునకుఁ గల ధర్మము, అనఁగా నీడను మోయుట, గాలికిఁ దావిచ్చుట, క్రొత్తచోట లేదు. ఇచ్చట శరీరగుణము మిగిలినది, స్థానగుణము పోయినది. మొదటిచోట స్థానగుణము మిగిలి శరీరగుణము పోయినది. రెండింటిని నిలుపుకొనుటయే నిజమైన జీర్ణోద్ధారము.

6. రెండును నిలిచిన యుదాహరణములు

రెండును నిలుచుట సాధ్యమా యన్నచో, సాధ్యమనుటకు మన కాలముననే సాక్ష్యములు గలవు. శ్రీశైలజలాశయములో మునుఁగఁబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఱాయి ఱాయిగా విప్పి, ఆలంపురమునకుఁ దెచ్చి, పూర్వపు క్రమముననే మరల నిలిపిరి. ఱాయితోఁ గూడ దాని స్థానసంబంధమును ప్రయాణము చేసినది. చ్యుతద్రవ్య నిషేధము దీనికిఁ దగులదు. ఏలయన నిది యన్యవాస్తువు గాదు, ఆ వాస్తువే.

సామాన్యగృహముల విషయమున నిట్టి పని చెన్నపట్టణమునకు దక్షిణమున ముట్టుకాడులో జరిగినది. అచ్చట 1996లోఁ దెఱువఁబడిన దక్షిణచిత్రమను స్థలమున దక్షిణదేశపుఁ బాతయిండ్లను విప్పి తెచ్చి మరలఁ గట్టిరి. నల్లగొండ సీమకుఁ జెందిన కొయ్యలగూడెపు చేనేతవారి యిల్లును, ఉత్తరకోస్తా చుట్టిల్లును అచ్చటఁ జూడవచ్చును. తెలుఁగు గృహచరిత్రమును నేర్చుకొనఁగోరువారు పొరుగురాష్ట్రమునకుఁ బోవలసివచ్చుట యాలోచింపఁదగిన విషయము.

ఆ స్థలరూపకల్పనయందుఁ జేయి గలవాఁడు లారీ బేకరు. ఆయన 1917లో నింగ్లండునందలి బర్మింగుహాములోఁ బుట్టి, 1945లో కుష్ఠరోగుల సేవకై భారతదేశమునకు వచ్చెను. హిమాలయప్రాంతమునఁ బిథోరాగఢులోఁ బెక్కేండ్లుండి, యచ్చటి పల్లెవారు కట్టుకొను ఱాతియిండ్లను జూచి నేర్చుకొనెను. పిమ్మటఁ గేరళమునఁ దిరువనంతపురములో స్థిరపడి, 1990లోఁ బద్మశ్రీ బిరుదమునొంది, 2007లో నచ్చటనే దివంగతుఁడయ్యెను. ఇంటికిఁ గావలసిన వస్తువులు ఐదు మైళ్లలోపల దొరకునవై యుండవలెనని గాంధీమహాత్ముఁడు చెప్పిన మాట తనకు దారి చూపినదని యాయన చెప్పుచుండెడివాఁడు.

బేకరు చేసినదానిని బై నియమముతోఁ బరీక్షింతము. ఇటుకలను బరుండఁబెట్టక అంచుమీఁద నిలిపి, నడుమ బోలు విడిచి గోడ కట్టెను. ఇంచుమించు నాల్గవవంతు ఇటుకలు మిగిలెను. బోలులోని గాలి వేఁడిని దాటనీయదయ్యెను. అద్దపుకిటికీలకు బదులు ఇటుకలనడుమ సందులు విడిచి జాలిగోడలు నిలిపెను. వెలుతురు చల్లఁబడి వచ్చెను, గాలి యాఁగలేదు, ఇది వాతాయనమే. కాంక్రీటు పలక యడుగుభాగమున లాగుడునంతయు నినుపకమ్ములే భరించును. అచ్చటి కాంక్రీటు బరువే కాని బలము గాదు. ఆ భాగమున నాతఁడు పనికిరావని పాఱవేసిన మంగుళూరు పెంకులను బొదిగెను. సిమెంటు తగ్గెను, బరువు తగ్గెను, పెంకులనడుమ చిక్కిన గాలి యెండవేఁడిని గొంత యాపెను. ఇచ్చటఁ బెంకు వానను గాచుటలేదు. అది తన శరీరగుణముచేతనే పనికివచ్చుచున్నది. ఎవ్వరి యింటిని గూల్చి తెచ్చిన పెంకును గాదు. శాస్త్రనిషేధమున కిచ్చటఁ బట్టు లేదు.

7. నేఁటి ప్రసక్తి

ఈ విచారము పండితగోష్ఠికి మాత్రమే చెందినది గాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రాష్ట్రములలో వేయికి మించిన జనులు మృతినొందిరి. వారిలోఁ బెక్కురు వెలుపలి యెండలోఁ బని చేయువారే. అయినను పగలు వెలుపల మ్రగ్గినవానికి రాత్రి యింటిలోనైనఁ జల్లఁబడు తావుండవలెను. కాంక్రీటు పలకక్రింద, రేకులక్రింద నది దొరకుట లేదు. ధనవంతుఁడు యంత్రముతోఁ దన గదిని జల్లఁజేసికొని, ఆ వేఁడిని పొరుగువాని కిటికీలోనికిఁ బంపుచున్నాఁడు. కౌటిల్యుఁడున్నచో దీనిని గృహవాస్తుకమునఁ జేర్చెడివాఁడు.

ద్రవ్యవిషయమును జూతము. నూఱుపాళ్ల స్వచ్ఛమైన సున్నపుఱాతిని గాల్చినచో 44 పాళ్లు బొగ్గుపులుసు గాలియై పోవును. 56 పాళ్లు సున్నముగా మిగులును. సిమెంటు చేయుటయందును ఈ గాలి వెడలును. ఇంధనపుఁ బొగ దానికిఁ దోడగును. లోకమంతట మానవులు విడుచు బొగ్గుపులుసు గాలిలో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటునకు సంబంధించినవే. డంగుసున్నమున కొక సుగుణము గలదు. అది గోడపై ఆరుచు, పోయిన యా గాలినే కొంత మరల గ్రహించి ఱాయియగును. కరక్కాయ నీరును, బెల్లపు నీరును గలిపి సున్నమును గానుగలో నూఱి గచ్చుచేసిన తాపీవాండ్రకు ఈ రసాయనము పేరు తెలియదు; ఫలము తెలియును. అన్నిటికంటె మేలైనది, ఉన్న గోడను గూల్చకుండుట. నిలిచియున్న గోడకై క్రొత్తగా నేమియుఁ గాల్పనక్కఱ లేదు.

జనసంఖ్య పెరిగినది, స్థలము తగ్గినది, మండువాలు కట్టుటకుఁ జోటెక్కడ యని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఉత్తరమును బైనియమమే చెప్పును. స్థానిని మరలఁ దేనక్కఱ లేదు. ఆదేశము స్థానియొక్క పనిని జేయునట్లు చూచినఁ జాలును. మేడయింటి మెట్లగదికిఁ బైన తెఱపు విడిచినచో నది మండువావలె వేఁడిగాలిని బైకిఁ బంపును. పడమటి గోడకు నీడపంచ యిచ్చినచో నది యళిందమగును. పలకమీఁదఁ దెల్లసున్నము పూసినచో నెండలోఁ జాలభాగము తిరిగి యాకాశమునకుఁ బోవును. తెలంగాణప్రభుత్వము 2023లో వెలువరించిన చల్లనికప్పుల విధానము ఈ సూత్రముమీఁదనే నిలిచినది.

కేంద్రప్రభుత్వసంస్థ 2018లో ఎకో నివాస్‌ సంహిత యను పేర గృహనియమములను బ్రకటించెను. అందుఁ దెఱచుకొను కిటికీల వైశాల్యము నేలవైశాల్యములో నింతకుఁ దగ్గరాదని విధింపఁబడినది. తేమవేఁడి సీమలకు నూటికి 16.66, అనఁగా నాఱవవంతు. పొడివేఁడి సీమలకు నూటికి 10, అనఁగాఁ బదియవవంతు. కోస్తా యింటికిఁ బెక్కు తెఱపులు, రాయలసీమ మిద్దెకుఁ గొద్ది తెఱపులు విడిచిన పాత తాపీమేస్త్రీల నిర్ణయమును ఈ యంకెలు గొలిచి చూపుచున్నవి. అందును నియమము తెఱచుకొను కిటికీకే గాని, మూసిన యద్దమునకుఁ గాదు. సంహితాకారులు వాతాయనశబ్దార్థమును గాపాడిరి.

కాఁబట్టి సిద్ధాంతమిది. పాతద్రవ్యమును వాడుట యొక్కటియే గుణము గాదు. పాతరూపమును బోలించుట యొక్కటియు గుణము గాదు. ఏ ద్రవ్యము ఏ చోట నుండి యే పని చేసెనో తెలిసి, దాని స్థానమున వచ్చునది యా పనిని జేయునట్లు చూచుట గుణము. ఇందులకు మొదట చేయవలసిన పని, నిలిచియున్న లోఁగిళ్లను, మిద్దెలను, చుట్టిండ్లను గూలకమునుపే కొలిచి, నక్షలు వ్రాసి, వాని భాగముల పేళ్లను ఆయా సీమల తాపీవారి నోటనుండి వ్రాసికొనుట. శాసనములకుఁ జేసిన శ్రమలో నాల్గవవంతు దీనికిఁ జేసినను జాలును. కలప యమ్ముడుపోయిన పిమ్మట ఇంటిచరిత్రము వ్రాయుటకుఁ బేళ్లు మాత్రమే మిగులును. ఆ పేళ్లకును అర్థము చెప్పువారు కొలఁదికాలమున నుండరు. పరిశోధకులు ఈ కార్యమునకుఁ బూనుకొందురు గాక.